వయోలాను పట్టుకో

బ్లూమింగ్టన్ అనగానే చాలామందికి బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది. నాకు నాలుగు తీగ వాయిద్యాలు గుర్తొస్తాయి. ఇండియానా రాష్ట్రంలో సున్నపురాతి గనుల పక్కన ఉన్న ఊరది. యూనివర్సిటీ భవనాలు చాలావరకు ఆ రాతితో కట్టినవే. అక్కడి సంగీత విభాగం అమెరికాలో చాలా పెద్దది. యానోష్ స్టార్కర్ అంతటి చెల్లో విద్వాంసుడు 1958 నుంచి అక్కడే ఉండి పాఠాలు చెప్పారు. చదువుల రోజుల్లో ఏ సాయంత్రం చూసినా ఏదో ఒక హాల్లో విద్యార్థుల కచేరీ ఉండేది. చాలావాటికి టికెట్ కూడా అక్కర్లేదు. 1990లలో కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి ఇంటికెళ్తూ, బయటి చలికి ఆగలేక, ఒకరోజు అలాంటి హాల్లోకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. స్ట్రింగ్ క్వార్టెట్ అనేదాన్ని, అంటే నలుగురు నాలుగు తీగ వాయిద్యాల మీద కలిసి వాయించే సంగీతాన్ని, ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు.

సంగీతం నాకు కొత్తేమీ కాదు. మాది విజయనగరం. నాన్న లెక్కల మాస్టారు. బడి అయ్యాక సాయంత్రాలు మహారాజా సంగీత కళాశాలకి వెళ్ళి వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, ఆ తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. నాయుడుగారి కమాను గురించి, ఒక్క స్వరాన్ని ఆయన ఎంత సన్నగా మొదలుపెట్టి ఎంత నిండుగా చేసేవారో, ఆ కబుర్లు వింటూనే పెరిగాను. నాక్కూడా చిన్నప్పుడే వయొలిన్ చెప్పించారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చాను. తర్వాత ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షల టెన్షన్‌లో వయొలిన్ పెట్టె అటక మీదికెక్కింది.

అంత సంగీతం మధ్య పెరిగినా, ఆ నలుగురి ముందు కూర్చుంటే చెవిని ఎక్కడ పెట్టాలో తోచలేదు. మన కచేరీలో ఎవరిని అనుసరించాలో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. గాయకుడు పాడతాడు, వయొలిన్ ఆయన వెనకే నడుస్తుంది, మృదంగం లయ చూసుకుంటుంది, తంబురా శ్రుతి ఇస్తూ ఉంటుంది. ఇక్కడ తంబురా లేదు, మృదంగం లేదు. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో. నలుగురూ ఒకేసారి నాలుగు వేర్వేరు మాటలు మాట్లాడుతున్నారు. పైన స్పష్టంగా వినిపించేది మొదటి వయొలిన్ కాబట్టి దాన్నే పాటగా పట్టుకుని, తక్కిన ముగ్గురినీ వెనక వరసకి నెట్టేసి వినేదాన్ని. అలా విన్నా బాగానే ఉండేది. హాలు దాటి బయటికొస్తే మాత్రం ఏమీ మిగిలేది కాదు.

పెళ్ళయ్యాక మేం అద్దెకు దిగిన ఇంటి పక్కనే ఒక పెద్దావిడ ఉండేవారు. స్కూలు పిల్లలకి వయోలా నేర్పి రిటైరైన మనిషి. కచేరీల్లో ఎప్పుడూ వయోలా వాయించే మనిషికి దగ్గరగా, స్టేజీకి కుడివైపే కూర్చునేవారు. ముఖ పరిచయం ముందే ఉంది కాబట్టి, పక్కిల్లని తెలియగానే టీకి పిలిచారు. గోడ పొడుగునా ఎల్పీలు, పియానో మీద స్వరలిపి పుస్తకాలు. కబుర్ల మధ్య "నువ్వు క్వార్టెట్ ఎలా వింటావు?" అని అడిగారు. చెప్పాను. విని, "ఈసారి మొదటి వయొలిన్‌ని వదిలెయ్. వయోలాను పట్టుకో, చివరిదాకా వదలకు" అన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో పాశ్చాత్య సంగీతం గురించి నేను చదివిన ఏ పుస్తకమూ ఆ మాటంత పని చెయ్యలేదు.

మొదట ఆవిడ వినిపించింది ఆస్ట్రియా స్వరకర్త హైడ్న్ రాసిన 'లార్క్'. 1790 నాటి క్వార్టెట్, ఓపస్ 64లో ఐదోది (ఓపస్ అంటే స్వరకర్త రచనలకిచ్చే వరస సంఖ్య). లార్క్ అంటే మన పొలాల మీద నిట్టనిలువునా ఎగిరి పాడే భరతపక్షి జాతి పిట్ట. ఆ పేరు హైడ్న్ పెట్టింది కాదు, తర్వాతివాళ్ళు పెట్టుకున్నది. మొదట్లో మొదటి వయొలిన్ అసలు నోరే విప్పదు. కింది ముగ్గురూ చిన్న చిన్న స్వరాలు, ఒకదాన్నొకటి అంటుకోకుండా, తేలిగ్గా విడివిడిగా వేస్తూ నడుస్తారు. ముగ్గు వేసేముందు చుక్కలు పెట్టినట్టు. అప్పుడు మొదటి వయొలిన్ ఎక్కడో తారస్థాయిలో ఒక పొడుగాటి స్వరం పట్టుకుని, తొందర లేకుండా సాగదీస్తూ వస్తుంది.

"పిట్ట వినిపించిందా?" అన్నారావిడ. వినిపించిందన్నాను. "ఇప్పుడు కింది ముగ్గురినే విను" అని మళ్ళీ సూది మొదట్లో పెట్టారు. అప్పుడు తెలిసింది. పిట్టని ఆకాశంలో నిలబెడుతున్నది ఆ పొడుగాటి స్వరం ఒక్కటే కాదు. కింద ఆ పొట్టి స్వరాలు నేలలా పరుచుకుని ఉన్నాయి కాబట్టే పైన ఎత్తు ఏర్పడింది. అదే వయొలిన్ పాటని ఒంటరిగా వాయిస్తే అందంగానే ఉంటుంది కానీ అందులో ఎగరడం ఉండదు. క్వార్టెట్‌లో బొమ్మ గీసేది పాట ఒక్కటే కాదనీ, పాట చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారన్నదే సగం బొమ్మనీ నాకు ఆ సాయంత్రం చెవికి తగిలింది.

హైడ్న్‌దే మరొకటి, ఓపస్ 76లో నాలుగోది, 'సన్‌రైజ్' అంటారు. అక్కడా ఇదే పద్ధతి. ముగ్గురు ఒక స్వరకూటమిని కదలకుండా పట్టుకుని ఉంటే, దాని మీద నుంచి వయొలిన్ మెల్లగా పైకి పాకుతుంది. సూర్యోదయం అని ఎవరూ చెప్పకపోయినా వెలుతురు పెరుగుతున్నట్టే ఉంటుంది. తర్వాత ఒకచోట ఆ పాకడాన్ని చెల్లోకి ఇచ్చి కిందికి దింపుతాడు. అక్కడ ఆవిడ చెయ్యెత్తి "ఇదిగో" అనేవారు, ప్రతిసారీ.

హైడ్న్‌దే ఎంపరర్ క్వార్టెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దాని రెండో భాగం వినగానే నాకు ఊరు గుర్తొచ్చింది, అందుకు కారణం ఉంది. హైడ్న్ 1790లలో రెండుసార్లు లండన్ వెళ్ళాడు. అక్కడ జనమంతా లేచి నిలబడి 'గాడ్ సేవ్ ద కింగ్' పాడటం చూశాడు. మా చక్రవర్తికీ అలాంటి పాట ఉండాలనుకుని వియన్నా తిరిగొచ్చాక ఒకటి కట్టాడు. 1797 ఫిబ్రవరి 12న, చక్రవర్తి ఫ్రాన్సిస్ పుట్టినరోజున దాన్ని మొదటిసారి పాడారు. ఆ వరసనే తీసుకుని క్వార్టెట్ రెండో భాగం చేశాడు. ఇవాళ జర్మనీ జాతీయగీతం వరస అదే. ఇక మన వైపు చూస్తే, అదే 'గాడ్ సేవ్ ద కింగ్' వరసని ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు మద్రాసు దాకా తెచ్చాయి. ముత్తుస్వామి దీక్షితులు దానికి 'సంతతం పాహిమాం సంగీత శ్యామలే' అని సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలు అంటామే, వాటిలో ఒకటి. చిన్నప్పుడు నా చేతి వేళ్ళు వయొలిన్ మీద కుదురుకోవడానికి నాన్న వాయింపించింది అదే. వియన్నా నుంచి వెళ్ళిన ఒకాయనకీ, తంజావూరు సీమకి చెందిన ఇంకొకాయనకీ దాదాపు ఒకే కాలంలో ఒకే పాట చెవిన పడింది. చెరో దారిన చెరో పని చేశారు. ఈ సంగతి పక్కింటావిడకి చెప్పి వరస పాడి వినిపిస్తే, ఆవిడ వెంటనే కాగితం తీసుకుని స్వరలిపి రాసుకున్నారు.

ఇక ఆ రెండో భాగంలో హైడ్న్ ఏం చేశాడంటే, పాటని మార్చలేదు. మన వాళ్ళయితే సంగతులు వేస్తారు, అంటే అదే వరసని మార్చి మార్చి పాడతారు. ఆయన పాటని అలాగే ఉంచి చేతులు మార్చాడు. మొదట మొదటి వయొలిన్ పాడుతుంది. తర్వాత రెండో వయొలిన్ అందుకుంటుంది. అప్పుడు వయోలా, చెల్లో పూర్తిగా ఆగిపోతాయి. మొదటి వయొలిన్ ఒక్కటే దాని చుట్టూ చురుగ్గా తిరుగుతుంది. ఆ తర్వాత పాట చెల్లోకి వెళ్తుంది. అదే పాట, కానీ లోతు వచ్చి పెద్దమనిషి గొంతవుతుంది. ఆ తర్వాత వయోలా వంతు. ఇక్కడే ఆవిడ కళ్ళు మూసుకునేవారు. వయోలా పాడుతుంటే తక్కినవాళ్ళ స్వరాలు కొంచెం వాలుగా, అనుకున్న మెట్టు మీద కాకుండా పక్క మెట్టు మీద పడుతూ, పాటకి ఏదో దిగులు తెస్తాయి. చివరికి మళ్ళీ మొదటి వయొలిన్. మొదలుపెట్టింది కింది స్థాయిలోనే అయినా మధ్యలో పై స్థాయికి ఎక్కుతుంది. ఒక్క స్వరం మార్చకుండా ఇన్ని మనుషుల్ని చూపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాలుగు వాయిద్యాల రంగులు వేర్వేరని చెవికి నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఆ రోజుల్లోనే స్వరాలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టాను. పాశ్చాత్య స్వరలిపి అప్పటికి సరిగ్గా రాదు కాబట్టి మన సరిగమల్లోనే రాసుకునేదాన్ని. మొజార్ట్ 'డిసొనెన్స్' క్వార్టెట్ ఎందుకంత గడబిడ చేసిందో ఆ నోట్‌బుక్ వల్లే తెలిసింది. 1785లో హైడ్న్‌కి అంకితమిచ్చిన ఆరింటిలో చివరిది అది. మొదట చెల్లో షడ్జమం మీద ఒకే స్వరాన్ని మెల్లగా కొడుతూ ఉంటుంది. వయోలా శుద్ధ ధైవతంతో వస్తుంది. రెండో వయొలిన్ సాధారణ గాంధారం పెడుతుంది. సరే, చీకటిగా ఉంది, ఏదో తెలిసిన దారే అనుకునేలోపు, మొదటి వయొలిన్ పైన చతుశ్రుతి ధైవతంతో, అంటే అదే 'ద'కి అర మెట్టు పైనున్న రూపంతో, దిగుతుంది. ఒక ధైవతం చెవిలో ఇంకా ఉండగానే రెండోది! మన రాగాల్లో ఈ రెండూ ఇలా ఎదురుపడవు. రాసుకున్న ఆ నాలుగు అక్షరాల్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

స్మెతనా క్వార్టెట్ విన్నరోజు మాత్రం రాసుకోవడానికి చెయ్యి రాలేదు. చెక్ దేశపు ఈ సంగీతకారుడికి 1874లో పూర్తిగా చెవుడొచ్చింది. రెండేళ్ళకి 'నా జీవితంలోంచి' అని పేరు పెట్టి తన కథని క్వార్టెట్‌గా రాసుకున్నాడు. ఇది కూడా వయోలాతోనే మొదలవుతుంది. తక్కినవాళ్ళు స్వరాన్ని పట్టుకుని సన్నగా కదులుతుంటే, వయోలా గట్టిగా, హెచ్చరిక చేస్తున్నట్టు దిగుతుంది. రెండో భాగంలో యవ్వనం, పోల్కా నాట్యం. మూడో భాగంలో చనిపోయిన మొదటి భార్య మీద ప్రేమ. నాలుగో భాగం సంబరంగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగుతుంది. కింద వణికే స్వరాల మీద మొదటి వయొలిన్ చాలా పైన ఒకే ఒక్క స్వరాన్ని, గాజు గీసినంత సన్నగా, పట్టుకుని ఉంటుంది. చెవుడు రాబోయేముందు ఆయన చెవిలో మోగిన హోరు అది. ఆ తర్వాత సంబరం తిరిగి రాదు. జ్ఞాపకాల తునకలు కొన్ని వచ్చి సద్దుమణుగుతాయి. 1878లో ప్రాగ్‌లో స్నేహితుల మధ్య దీన్ని తొలిసారి వాయించినప్పుడు వయోలా పట్టుకున్నది మరో చెక్ స్వరకర్త ద్వోర్జాక్. పక్కింటావిడకి ఈ వివరం చెప్పడం చాలా ఇష్టం.

ఆ ద్వోర్జాకే 1893 వేసవిలో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని స్పిల్‌విల్ అనే చెక్ వలస పల్లెకి వచ్చి, 'అమెరికన్' క్వార్టెట్ చిత్తుప్రతిని మూడు రోజుల్లో రాసేశాడు. మొదటి పాట మళ్ళీ వయోలాదే. వినగానే నేను "మోహనం!" అన్నాను. ఐదే స్వరాలు, మధ్యమం నిషాదం లేవు. గమకాలు లేని మోహనం, ఎండలో నిలబడి హాయిగా పాడుకుంటున్నట్టు. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, వినెయ్యడమే.

మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మా నాన్నా బ్లూమింగ్టన్ వచ్చారు. అమ్మకి బాలింత పథ్యాలు, పిల్ల స్నానాలతో క్షణం తీరిక లేదు. నాన్నకి పొద్దే గడవదు. టీవీ అర్థం కాదు, బయట మంచు. తెచ్చుకున్న ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టుకుని పొద్దున కాసేపు పాడుకునేవారు. గోడ అవతల నుంచి విని పక్కింటావిడే పిలిచారు. ఇద్దరి మధ్యా భాష అంతంతమాత్రం. ఆవిడ మాటలు నాన్నకి సగమే అందేవి. కానీ ఇద్దరూ మాస్టర్లు, ఇద్దరికీ తీగ మీద వేళ్ళ సంగతి తెలుసు.

ఆవిడ ఆ మధ్యాహ్నం పెట్టింది బేతోవెన్ ఓపస్ 132, మూడో భాగం. 1825 వసంతంలో బేతోవెన్‌కి పేగుల జబ్బు చేసి ప్రాణం మీదికొచ్చింది. కోలుకున్నాక రాశాడు. దాని మీద ఆయనే, జబ్బు నుంచి బయటపడ్డవాడు దైవానికి చెప్పుకునే కృతజ్ఞతాగీతం అనీ, అది లిడియన్ పద్ధతిలో ఉందనీ రాసుకున్నాడు. అప్పటికాయనకి వినికిడి దాదాపు లేదు. లిడియన్ అంటే స్వరాల లెక్కలో మన కల్యాణే, ప్రతిమధ్యమంతో సహా. నేను ముందే ఆ సంగతి నాన్నకి చెప్పి కూర్చోబెట్టాను.

నలుగురూ చాలా నెమ్మదిగా, కమాను దాదాపు వణకకుండా, చర్చిలో పాడే కీర్తనంత సాదాగా మొదలుపెట్టారు. నాన్న కాసేపు విని తల అడ్డంగా ఊపారు. "కల్యాణి అన్నావు, ఇది శంకరాభరణంలా ఉందేంటమ్మా? గాంధారానికి ఊపు లేదు సరే, అసలు ఆధారం ఎక్కడుంది?" అన్నారు. శ్రుతి పెట్టె తెప్పించారు. ముందు ఒకటి శ్రుతిలో (పాశ్చాత్యుల C) పెట్టి రికార్డుతో పాటు విన్నారు. శంకరాభరణమే. తర్వాత నాలుగు శ్రుతికి (F) మార్చారు. అదే రికార్డు, అవే స్వరాలు, గదిలో రాగం మారిపోయింది. మధ్యమం మీద నిలబడి చూస్తే శంకరాభరణం కల్యాణి అవుతుంది కదా, మన గ్రహభేదం. "అదీ!" అన్నారు నాన్న. ఆవిడకి చేతులు తిప్పుతూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు: "పెట్టె ఆపేస్తే రెండూ. ఆయన ఆపేసి రాశాడు."

ఆవిడ స్వరలిపి పుస్తకం తెరిచి, చరణాలు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో వేలుపెట్టి చూపించారు. కొన్ని చోట్ల చెవి ఒకటి శ్రుతి వైపు మొగ్గుతుంది. భాగం చివర మాత్రం నాలుగు శ్రుతి మీద నిలుస్తుంది. అందుకే అయిపోయినా పూర్తిగా అయినట్టనిపించదు, పైన ఇంకేదో తెరిచి ఉన్నట్టుంటుంది. ఇన్నేళ్ళుగా తనకి తెలిసిన సంగతే అయినా, ఒక డబ్బా రెండు మీటల మీద దాన్ని చెవికి వినిపించడం మొదటిసారి చూస్తున్నానన్నారు.

మధ్యలో బేతోవెన్ 'కొత్త బలం వస్తోంది' అని రాసిన చోటు ఉంది. లయ మారుతుంది, శ్రుతి మారుతుంది, మనిషి మంచం దిగి అడుగులేస్తాడు. శ్రుతి పెట్టె మోగుతూనే ఉండటంతో అక్కడ ఒక్కసారి అపశ్రుతి పలికింది. నాన్న గబుక్కున నొక్కి ఆపారు. మళ్ళీ కీర్తన, మళ్ళీ బలం, మళ్ళీ కీర్తన. మూడోసారి కీర్తన వచ్చినప్పుడు పాట ముక్కలై ఒక్కో చరణం ఒక్కొక్కరి చేతికి వెళ్తూ, అడుగున వేరే స్వరాలు అల్లుకుంటూ ఉంటే నాన్న మళ్ళీ పెట్టె ముట్టుకోలేదు. అయ్యాక "ఇంకోసారి పెట్టమనమ్మా" అన్నారు. ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు అదే పని. అమ్మ మాత్రం ఒకసారి పిల్లనెత్తుకుని వచ్చి విని, "పడుకోబెట్టడానికి బావుంది" అంది. నిజంగానే పిల్ల పడుకుంది.

ఆ ఇల్లు వదిలి హైదరాబాద్ వచ్చేశాం. పక్కింటావిడ ఆరోగ్యం బాగున్నంతకాలం ఉత్తరాలు రాశారు. ప్రతి ఉత్తరంలో ఒక క్వార్టెట్ పేరు, దాంట్లో ఎక్కడ చెవి పెట్టాలో ఒక వాక్యం. బేతోవెన్ ఓపస్ 130లోని 'కవతీనా' అనే భాగం అలాగే తెలిసింది. 1977లో వోయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో చివరి సంగీతం అదే. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా అదే రికార్డులో ఉంది. కవతీనా మధ్యలో తక్కినవాళ్ళు మూడేసి స్వరాల లయలో నడుస్తుంటే, మొదటి వయొలిన్ ఆ లయకి అందకుండా, గొంతు పట్టేసి మాట తెగిపోతున్న మనిషిలా పాడుతుంది. ఆ చోట బేతోవెన్ 'ఊపిరాడనట్టు' అన్న అర్థం వచ్చే మాటే రాశాడు. ఆవిడ ఉత్తరంలో "ఇక్కడ మాత్రం మొదటి వయొలిన్‌నే విను" అని ఉంది. వయోలాను వదిలెయ్యమని ఆవిడ రాసింది అదొక్కసారే.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఫోన్ స్పీకర్లో వినకండి, చెల్లో సగం పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, 'లార్క్' మొదటి భాగం, ఆ వెంటనే 'ఎంపరర్' రెండో భాగం వినండి. రెండూ పెద్దవేం కావు. తర్వాత ద్వోర్జాక్. బేతోవెన్‌కి తొందరేం లేదు.

కవతీనా తర్వాత అసలు రావలసిన ముగింపు భాగాన్ని, 'గ్రోసె ఫ్యూగ్' అంటారు, వినేవాళ్ళకి కొరుకుడు పడలేదని పబ్లిషర్ కోరితే బేతోవెన్ విడిగా, ఓపస్ 133గా, అచ్చు వేయడానికి ఒప్పుకుని, క్వార్టెట్‌కి 1826లో వేరే ముగింపు రాసిచ్చాడు. అది మాత్రం నాకింకా లొంగలేదు. వయోలాను పట్టుకుని విన్నాను, చెల్లోను పట్టుకుని విన్నాను. నలుగురూ ఒకేసారి పోట్లాటకి దిగినట్టుంటుంది, రెండు నిమిషాలకే చేతిలో ఉన్న కొస జారిపోతుంది. దాన్ని ఇష్టంగా వినేవాళ్ళెవరైనా ఉంటే, ఎవరిని పట్టుకుని మొదలుపెట్టారో చెప్పండి.